ఇంటి విలువ కట్టే ఇంజినీరును బ్రోకరే తీసుకురావచ్చా? (విజయనగరం)

గంటస్తంభం_మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయనగరంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిని. రింగ్ రోడ్డుకు అవతల ఒక కాలనీలో 200 గజాల స్థలంలో పదకొండేళ్ల క్రితం కట్టిన ఇల్లు 62 లక్షలకు మాట అయింది, లక్ష రూపాయలు బయానా కూడా ఇచ్చాను. బ్యాంకు లోనుకు దరఖాస్తు పెట్టగానే మా బ్రోకరు, వాల్యుయేషన్ సంగతి తాను చూసుకుంటానని, బ్యాంకు ప్యానెల్‌లో (బ్యాంకు ఆమోదించిన వాల్యుయర్ల జాబితాలో) ఉన్న ఒక ఇంజినీరు తనకు బాగా తెలిసినవారని, మేనేజరుగారితో కూడా మాట్లాడేశానని చెప్పారు.

గురువారం ఉదయం ఆ ఇంజినీరుగారు వచ్చారు. వచ్చింది బ్రోకరు కారులోనే. టేపు ఒక కొస బ్రోకరు దగ్గర పనిచేసే కుర్రాడు పట్టుకున్నాడు. తూర్పు గోడ కొలిచారు, దక్షిణం కొలిచారు. పడమర, ఉత్తరం వైపు వెళ్లలేదు. మెట్ల కింద స్లాబు పెచ్చు ఊడి ఇనుము తుప్పు పట్టి కనిపిస్తున్న చోటును నేను చూపించబోతే, అవన్నీ రిపేరులో పోతాయండీ అన్నారు. పది నిమిషాల్లో పని ముగిసింది. గేటు దగ్గర, నేను పక్కనే నిలబడి ఉండగా, ఆయన బ్రోకరును అడిగారు: "ఎంత రావాలండీ?" బ్రోకరు "డెబ్బై వేయండి" అన్నారు. ఆయన తల ఊపి ఫైలు అట్ట మీద పెన్సిలుతో రాసుకున్నారు.

తరువాత బ్రోకరు నాకు వివరంగా చెప్పారు. అమ్మకపు ఒప్పందం కూడా 70 లక్షలకే రాసుకుంటే, అందులో 80 శాతం చొప్పున 56 లక్షల లోను వస్తుందట. అప్పుడు నేను చేతి నుంచి 6 లక్షలు పెట్టుకుంటే చాలట. 62కే రాస్తే 49 లక్షల 60 వేలు మాత్రమే వస్తుంది, మిగిలిన 12 లక్షల 40 వేలు నేనే తెచ్చుకోవాలి. మా ఇంట్లో వాళ్లు మంచిదే కదా అంటున్నారు. నాకు మాత్రం గేటు దగ్గర విన్న మాట మనసులో నుంచి పోవడం లేదు. వాల్యుయరును ఎవరు ఎంపిక చేయాలి? ఇంకొకరిని వేయమని అడిగే హక్కు నాకు ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత_మేనేజరు:

మాస్టారూ, మీ మనసులో నుంచి పోని ఆ మాటే అసలు సంగతి. నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి, ఈ ఉత్తరాంధ్ర జిల్లాల్లోనే పదవీ విరమణ చేశాను.

నిబంధన స్పష్టంగా ఉంది. 2007 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ప్రతి బ్యాంకుకూ వాల్యుయేషన్ మీద బోర్డు ఆమోదించిన విధానం ఉండాలి, విలువ కట్టే వ్యక్తి వృత్తిపరమైన అర్హత కలిగి, ఆ ఆస్తితో ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని ఏ ప్రయోజనమూ లేనివారై ఉండాలి. 50 కోట్లు, ఆపైన విలువ చేసే ఆస్తులకైతే కనీసం ఇద్దరు స్వతంత్ర వాల్యుయర్ల నివేదికలు తీసుకోవాలి. అంటే ఎంపిక బ్యాంకుది. రుసుము మీరు చెల్లించినా, ఆ ఇంజినీరు నివేదిక ఇచ్చేది బ్యాంకుకే. ఇందులో బ్రోకరుకు ఎక్కడా చోటు లేదు.

జరిగేది వేరు. లోను ఫైళ్లు తెచ్చేది బ్రోకర్లు. మార్చి నెలలో గృహ రుణాల లక్ష్యం అందుకోవాల్సిన మేనేజరు, నెలకు నాలుగు ఫైళ్లు తెచ్చే మనిషిని కాదనుకోలేడు. ఆ మనిషి "ఫలానా ఇంజినీరుగారికి వేయండి సార్, తొందరగా అవుతుంది" అంటే, ఆ పేరు ప్యానెల్‌లో ఉన్నదే కాబట్టి, కాగితం మీద తప్పేమీ కనిపించదు. నేను పనిచేసిన రెండు శాఖల్లో ఇది చూశాను. ఒక సంవత్సరం ఆఖరు వారంలో నేనూ అలా రెండు ఫైళ్లకు పేరు వేశాను. వాటిలో ఒకటి తరువాత మొండి బాకీ అయింది. వేలానికి పెట్టినప్పుడు నివేదికలో రాసిన విలువలో సగానికి కాస్త పైన మాత్రమే పలికింది. ఆ కుటుంబం ఇల్లు పోగొట్టుకుని, పైన ఇంకా బాకీ పడింది. ఆ సంతకం నాది.

ఇక 70 లక్షల ఒప్పందం గురించి. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న గృహ రుణానికి ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు. ఆ మిగిలిన 20 శాతం మీ చెమట అందులో ఉండాలనే పెట్టారు. లేని విలువను ఉన్నట్టు రాసి ఆ హద్దును దాటిస్తే, ఒప్పందం మీద సంతకం చేసింది మీరు, అమ్మినవారు. బ్రోకరు సాక్షి సంతకం కూడా పెట్టడు. అదనంగా వచ్చే 6 లక్షల 40 వేలకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు లెక్క వేసుకోండి: నెలకు సుమారు 5,500 రూపాయలు ఎక్కువ కట్టాలి, మొత్తం 13 లక్షలు దాటుతుంది. రిజిస్ట్రేషన్ కూడా 70కే చేయిస్తే, మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం కాబట్టి, ఆ 8 లక్షల మీద మరో 60 వేలు.

మేనేజరుగారికి లిఖితపూర్వకంగా రాయండి. స్థలం సరిగా కొలవలేదని, ప్యానెల్‌లోని వేరొక వాల్యుయరును బ్యాంకే నియమించాలని, రుసుము బ్యాంకు ద్వారానే చెల్లిస్తానని రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. బ్రోకరును తిట్టవద్దు, గేటు దగ్గర మాట కూడా ఇప్పుడే రాయనవసరం లేదు. నాలుగు వైపులా కొలవలేదన్న ఒక్క కారణం చాలు.

ఎచ్చెర్ల_సుజాత:

అన్నయ్యగారూ, దయచేసి ఆ ఉత్తరం తప్పకుండా రాయండి. మాకు జరిగింది చెబుతాను.

మాది శ్రీకాకుళం జిల్లా. మావారు పైడిభీమవరంలో ఒక పరిశ్రమలో ఉద్యోగం చేస్తారు. ఆరేళ్ల క్రితం ఎచ్చెర్ల వైపు ఒక లేఅవుట్లో 167 గజాల ప్లాటు బ్యాంకు లోనుతో కొన్నాము. వాల్యుయేషన్ రోజున మావారికి షిఫ్టు ఉంది, నేను చంటిబిడ్డతో ఉన్నాను. "మీరు రానక్కర్లేదమ్మా, నేను చూపించేస్తాను" అన్నాడు బ్రోకరు. లోను వచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది, మేము సంతోషించాము.

పోయిన ఏడాది ఇల్లు కట్టుకుందామని సర్వేయరును తీసుకెళ్లాము. ఇన్నేళ్లూ మాది అనుకుని, సంక్రాంతికి వచ్చినప్పుడల్లా పిచ్చిమొక్కలు కోయించిన 40 అడుగుల రోడ్డు మూల ప్లాటు మాది కాదు. దస్తావేజులో ఉన్న నంబరు ప్రకారం మాది వెనుక వరుసలో, గెడ్డను (వాగును) ఆనుకుని ఉంది. వర్షాకాలంలో అక్కడ మోకాలి లోతు నీరు నిలుస్తుంది. బ్యాంకుకు మూడు ఉత్తరాలు రాసిన తరువాత వాల్యుయేషన్ నివేదిక నకలు ఇచ్చారు. అందులో రెండు ఫొటోలు ఉన్నాయి. ఒకదానిలో తాటిచెట్టు, దాని వెనుక కరెంటు ట్రాన్స్‌ఫార్మరు. మా ప్లాటు దగ్గర తాటిచెట్టూ లేదు, ట్రాన్స్‌ఫార్మరూ లేదు. అవి రెండూ ఆ మూల ప్లాటు పక్కన ఈ రోజుకీ ఉన్నాయి.

ఆ వాల్యుయరుగారు మోసం చేశారని నేను అనను. ఆయనకు బ్రోకరు ఏది చూపించాడో దానికే విలువ కట్టి ఉంటారు. కానీ సరిహద్దు రాళ్ల మీద నంబరు, లేఅవుట్ పటంలో నంబరు, దస్తావేజులో నంబరు ఒకటేనా అని ఆయన చూసుకుని ఉంటే, మేము మూల ప్లాటు ధర పెట్టి గెడ్డ పక్క ప్లాటు కొని ఉండేవాళ్లం కాము. ఆయనను పిలిచిందీ, కారులో తీసుకొచ్చిందీ, చూపించిందీ ఒకడే కావడం వల్ల ఆ ప్రశ్న అడిగేవారే లేకపోయారు. ఈ నెల కూడా ఆ ప్లాటుకే వాయిదా కట్టాము.

కొలతబద్ద:

నేను ఈ వృత్తిలోనే ఉన్నాను. రెండు బ్యాంకుల ప్యానెళ్లలో ఉన్నాను, మరొక ప్యానెల్‌లో ఉండేవాడిని. సుజాతగారి ప్లాటు సంగతి చదివి బాధ కలిగింది. ఫొటోతో పాటు అక్షాంశ రేఖాంశాలు నమోదయ్యేలా తీయడం, లేఅవుట్ పటం చేతిలో పట్టుకుని నిలబడడం మా కనీస విధి.

చదువరులకు మా పరిస్థితి కూడా తెలియాలి. జిల్లా కేంద్రంలో ఉన్న వాల్యుయరుకు పని ఇచ్చేవి పది పన్నెండు శాఖలు. ప్యానెల్‌లో పేరు ఉండడం వేరు, ఫైలు రావడం వేరు. నాలుగేళ్ల క్రితం ఒక ఇంటికి బ్రోకరు అడిగిన దానికంటే 9 లక్షలు తక్కువ రాశాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఫోను చేసి కోప్పడలేదు. ఆ శాఖ నుంచి ఆ తరువాత ఒక్క ఫైలు కూడా రాలేదు, అంతే. మాలో చాలామందికి ఒత్తిడి అంటే ఈ నిశ్శబ్దమే.

అయితే ఎంపిక ఒక్కటే సమస్య అనుకుంటే పొరపాటు. విలువ ఎలా కడతామో చెబుతాను. స్థలానికి గజం రేటు వేసి విస్తీర్ణంతో గుణిస్తాం. కట్టడానికి ఈ రోజు కడితే అయ్యే ఖర్చు వేసి, దాని వయసుకు తగిన అరుగుదల తీసేస్తాం. కాంక్రీటు కట్టడానికి సాధారణంగా 60 ఏళ్ల ఆయుష్షు, చివరికి 10 శాతం మిగులు విలువ అనుకుంటాం. కట్టడం భాగంలో పెద్దగా తేడా రాదు. తేడా అంతా గజం రేటులో వస్తుంది. ఆ రేటు ఎక్కడి నుంచి తేవాలి? ఇటీవలి అమ్మకాలను పోల్చి తేవాలి. కానీ మన దగ్గర దస్తావేజులో రాసే విలువ చాలా వరకు రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువకు దగ్గరగా ఉంటుంది, చేతులు మారిన డబ్బు అంతకంటే ఎక్కువ ఉంటుంది. అంటే కాగితం మీద ఉన్నది అసలు ధర కాదు; అసలు ధర తెలిసినవాడు బ్రోకరు ఒక్కడే. ఇప్పుడు ఆ ధర ఎక్కువ పలికితేనే అతనికి కమీషను పెరుగుతుంది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగిన తరువాత ఆ రోడ్డు వెంట ఒక లేఅవుట్లో రేటు తెలుసుకోవడానికి ముగ్గురిని అడిగాను. ముగ్గురూ ఒకే రేటు చెప్పారు. ముగ్గురూ ఆ లేఅవుట్లోనే ప్లాట్లు అమ్ముతున్నవారని తరువాత తెలిసింది. ఆ రేటు రాయలేదు, కానీ దాని స్థానంలో ఏ రేటు రాయాలో తేల్చుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

రణస్థలం_మధ్యవర్తి:

నేను పదిహేనేళ్లుగా రణస్థలం, భోగాపురం మధ్య భూముల మధ్యవర్తిత్వం చేస్తున్నాను. ఇక్కడ మా వృత్తి మీద అంటున్న మాటలు కొన్ని నిజమే. సుజాతగారికి జరిగింది ఘోరం, అటువంటి వాడిని మేమే మా మధ్య నుంచి వెళ్లగొట్టాలి. కానీ రెండో వైపు కూడా వినండి.

బ్యాంకు విశాఖపట్నం నుంచి ఒక వాల్యుయరును పంపింది. ఆయన రైల్వే గేటుకు ఇవతల ఉన్న ఇంటికి, గేటుకు అవతల అమ్ముడైన ఇళ్లతో పోల్చి 12 లక్షలు తక్కువ రాశారు. గేటు పడితే ఇరవై నిమిషాలు ఆగాల్సిన చోటుకూ, ఆగనవసరం లేని చోటుకూ రేటు ఒకటి కాదని ఈ ఊరి పిల్లవాడిని అడిగినా చెబుతాడు. లోను తగ్గి బేరం పోయింది, కొనాల్సిన కుటుంబం బయానా పోగొట్టుకుంది. స్థానికంగా తెలిసిన వాల్యుయరును అడగడం వెనుక ప్రతిసారీ మోసం ఉండదు. ఇటువంటి నష్టం జరగకూడదన్న జాగ్రత్త కూడా ఉంటుంది.

విశ్రాంత_మేనేజరు:

మధ్యవర్తిగారూ, మీరు చెప్పిన ఉదాహరణ న్యాయమైనది. అయితే ఆ ఇంటికి రేటు తక్కువ పడిందని మీకు తెలిసినప్పుడు, గేటు ఇవతల అమ్ముడైన మూడు ఇళ్ల వివరాలు కాగితం మీద రాసి బ్యాంకుకు ఇచ్చారా? ఇచ్చి ఉంటే నేనైతే ఆ వాల్యుయరుకే తిరిగి పంపి సమాధానం అడిగేవాడిని. సమాచారం ఇవ్వడం మీ పని. దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. మనిషిని ఎంపిక చేయడం మీ పని కాదు. ఎందుకంటే విలువ తగ్గితే నష్టపోయేవారిలో మీరూ ఒకరు.

రణస్థలం_మధ్యవర్తి:

ఇవ్వలేదండీ. అలా ఇవ్వవచ్చని నాకు అప్పుడు తోచలేదు.

యువ_కొనుగోలుదారు:

మాస్టారుగారు ఆ బ్రోకరు మీద రెరాకు (స్థిరాస్తి నియంత్రణ సంస్థకు) ఫిర్యాదు చేయవచ్చు కదా?

దస్తావేజు_లేఖరి:

ఈ విషయంలో కుదరకపోవచ్చు. 2016 రెరా చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, నమోదు కావాల్సిన ప్రాజెక్టులలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంట్లు నమోదు చేసుకోవాలి. 10వ సెక్షన్ వారు తప్పుడు ప్రకటనలు చేయకూడదని, అనుచిత వ్యాపార పద్ధతులకు పాల్పడకూడదని చెబుతుంది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, యూనిట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు నమోదు అవసరం లేదని చట్టం చెబుతుంది. ఒక వ్యక్తి పదకొండేళ్ల నాటి తన ఇంటిని మరొక వ్యక్తికి అమ్ముకుంటుంటే, మధ్యలో ఉన్న బ్రోకరు ఈ చట్టం పరిధిలోకి రాడు. మన జిల్లాల్లో ఎక్కువ బేరాలు ఇటువంటివే.

బ్యాంకు మీద ఫిర్యాదు అయితే చేయవచ్చు. రాతపూర్వకంగా ఇచ్చిన 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తికరంగా లేకపోయినా, సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద రిజర్వు బ్యాంకుకు వెళ్లవచ్చు. అందుకే మేనేజరుగారు చెప్పిన ముద్ర వేసిన నకలు ముఖ్యం.

బొబ్బిలి_నుంచి_న్యూజెర్సీ:

మాది బొబ్బిలి, ఉద్యోగరీత్యా అమెరికాలో ఉంటున్నాను, ఇక్కడ రెండుసార్లు ఇల్లు కొన్నాను. ఈ సమస్య ఇక్కడా ఉండేది. దాన్ని ఎలా పట్టుకున్నారో చెబితే ఉపయోగపడవచ్చు.

2008 సంక్షోభానికి ముందు ఇక్కడ లోను ఇప్పించే వ్యక్తే విలువ కట్టేవారిని పిలిచేవాడు. బేరం కుదరడానికి ఎంత కావాలో ముందే చెప్పి ఆ అంకె రాయించుకునేవారన్న ఆరోపణలు ఆ రోజుల్లో విస్తృతంగా వచ్చాయి. 2007 నవంబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఒక విలువ నిర్ధారణ సంస్థ మీద ఇదే విషయమై దావా వేశారు. దాని పర్యవసానంగా ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ అనే గృహ రుణ సంస్థలతో కుదిరిన నియమావళి 2009 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. లోను మీద కమీషను పొందేవారు, ఇల్లు అమ్మించే ఏజెంట్లు వాల్యుయరును ఎంపిక చేయకూడదన్నది దాని సారం. 2010లో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం వాల్యుయరు స్వతంత్రతను చట్టంలోనే చేర్చింది. 2014 జనవరి నుంచి, సాధారణంగా లోను పూర్తి కావడానికి మూడు పని దినాల ముందే నివేదిక నకలు కొనేవారికి ఇవ్వాలి. సుజాతగారు మూడు ఉత్తరాలు రాసి తెచ్చుకున్న కాగితం ఇక్కడ అడగకుండానే వస్తుంది.

అన్నీ బాగుపడ్డాయని చెప్పను. ఎంపిక చేతులు మారి, బ్యాంకు తరఫున వాల్యుయర్లకు పని అప్పగించే నిర్వహణ సంస్థలు మధ్యలో వచ్చాయి. కొనేవారు కట్టిన రుసుములో కొంత అవి తీసుకుంటాయని, ఆ ప్రాంతం తెలియని వారిని తక్కువ ధరకు పంపుతాయని ఇక్కడి వాల్యుయర్లు చాలాకాలంగా అంటున్నారు. మధ్యవర్తిగారి రైల్వే గేటు బాధ ఇక్కడా ఉందన్నమాట. ఏజెంటు మాత్రం ఇప్పటికీ ఇంటి దగ్గర వాల్యుయరును కలిసి, ఇటీవలి అమ్మకాల వివరాలు ఇవ్వవచ్చు. ఇంత విలువ రావాలని ఒత్తిడి చేయకూడదు.

కొలతబద్ద:

న్యూజెర్సీ మిత్రులు చెప్పిన దానిలో నాకు అన్నిటికంటే నచ్చింది నకలు ఇవ్వడం. నా నివేదికను కొనేవారు చదువుతారని తెలిస్తే నేను మరింత జాగ్రత్తగా రాస్తాను. ఇప్పుడు అది ఫైలులో పడి ఉంటుంది. మన దగ్గర 2017 నాటి నియమాల కింద నమోదైన వాల్యుయర్లకు ప్రవర్తనా నియమావళి ఉంది, కానీ ఆ నమోదు కంపెనీల చట్టం అవసరాలకోసం వచ్చింది. గృహ రుణాలకు ఏ బ్యాంకు ప్యానెల్ ఆ బ్యాంకుదే. శాఖలో మేనేజరు పేరు ఎంచకుండా, ప్రాంతీయ కార్యాలయం వంతుల వారీగా ఫైళ్లు పంపితే, నేను ముందు చెప్పిన ఆ నిశ్శబ్దం నన్ను ఏమీ చేయలేదు.

గంటస్తంభం_మాస్టారు:

పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. ఉత్తరం ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. మేనేజరుగారు మొదట కాస్త చిన్నబుచ్చుకున్నా, రెండో రోజే ప్యానెల్ నుంచి వేరొకరిని వేశారు. ఈయన తన స్కూటరు మీద, ఒక సహాయకుడితో వచ్చారు. ఇంట్లో గంటన్నర ఉన్నారు. నాలుగు వైపులా కొలిచారు, మెట్ల కింద తుప్పు పట్టిన ఇనుమును వేలితో రాసి చూశారు, ఫొటో తీశారు. ఉత్తరం గోడ దగ్గర మాత్రం రెండుసార్లు కొలిచి, నన్ను పిలిచి టేపు చూపించారు. దస్తావేజులో 200 గజాలు ఉంది, నేల మీద 191 గజాలే ఉంది. పక్కింటి ప్రహరీ లోపలికి జరిగి ఉంది.

గజం 20 వేల చొప్పున స్థలం 38 లక్షల 20 వేలు. కట్టడం 1,350 చదరపు అడుగులకు 1,700 చొప్పున లెక్కవేసి, పదకొండేళ్ల అరుగుదల పదహారున్నర శాతం తీస్తే 19 లక్షల చిల్లర. మొత్తం 57 లక్షల 36 వేలు. 70 ఎక్కడ, ఇది ఎక్కడ! మొదటి ఇంజినీరుగారు ఉత్తరం వైపు నడిచి ఉంటే ఆ రోజే తెలిసేది.

ఒప్పందం 70కి రాయనని బ్రోకరుకు చెప్పేశాను. ఆ రోజు నుంచి ఆయన ఫోను ఎత్తడం లేదు. అమ్మేవారు మాత్రం స్వయంగా ఇంటికి వచ్చారు. పెద్దాయన, ప్రహరీ సంగతి తనకూ తెలియదని చాలా నొచ్చుకున్నారు. 58 లక్షల 50 వేలకు దిగారు. ఉత్తరం గోడ సంగతి తేలేవరకు నేను ఏమీ ఒప్పుకోలేదు. సోమవారం సర్వేయరు వస్తున్నారు, పక్కింటివారికి కూడా కబురు పెట్టాము.

ఎచ్చెర్ల_సుజాత:

చాలా సంతోషం అన్నయ్యగారూ. సోమవారం కొలిచేటప్పుడు మీ దస్తావేజుతో పాటు దానికి ముందటి లింకు దస్తావేజు, పక్కింటివారి దస్తావేజు నకలు కూడా చేతిలో ఉంచుకోండి. హద్దుల్లో ఉత్తరానికి ఏం రాసి ఉందో రెండిటిలోనూ చదివి చూడండి. మేము మా లింకు దస్తావేజు ముందే తెరిచి ఉంటే, తాటిచెట్టు దాకా వెళ్లే పనే ఉండేది కాదు.

గంటస్తంభం_మాస్టారు:

లింకు దస్తావేజు 1994 నాటిది ఉందమ్మా, పెద్దాయనే తెచ్చి ఇచ్చారు. పక్కింటివారిది ఈ రోజు నకలుకు దరఖాస్తు పెట్టాను.